కంపెనీ ఎత్తేస్తారట, నిజమేనా? బహుళజాతి కంపెనీల వ్యూహాలపై అపోహలు – వాస్తవాలు

నేను బహుళజాతి కంపెనీల్లో స్ట్రాటజీ, ప్లానింగ్ పని చేస్తాను. మొదట ఆటో విడిభాగాల వైపు చేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక జీసీసీలో, అంటే విదేశీ కంపెనీ తన సొంత పనుల కోసం ఇక్కడ పెట్టుకున్న సెంటర్‌లో ఉన్నాను. పెళ్లిళ్లలో, అపార్ట్‌మెంట్ మీటింగుల్లో, కాలేజీ గ్రూపుల్లో నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఆ కంపెనీ ఇండియా నుంచి వెళ్లిపోతుందటగా?" ఎవరో ఒక ఫార్వర్డ్ పంపుతారు. దాన్ని చూసి ఒక ఇంట్లో ఫ్లాట్ అడ్వాన్సు వెనక్కి తీసుకుంటారు, ఇంకో ఇంట్లో కుదరబోయే సంబంధం ఆగుతుంది. అడిగేవాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. నెలనెలా ఈఎంఐ కట్టేవాళ్లకి ఇది కాలక్షేపం కబురు కాదు. చదవకుండా, అడగకుండా పుకారు దొర్లించేవాళ్ల మీదే నాకు ఓపిక లేదు.

అపోహ: విదేశీ కంపెనీ ఉంటే మొత్తంగా ఉంటుంది, పోతే మొత్తంగా పోతుంది

ఎక్కువమందిని ఎక్కువగా ముంచేది ఇదే, కాబట్టి దీని మీదే ఎక్కువ రాస్తాను.

హెడ్డాఫీసులో "ఇండియా" అని ఒక ఫైలు ఉంటుందని, అందులో ఉండాలా పోవాలా అని ఏటా ఎవరో సంతకం పెడతారని చాలామంది ఊహ. లోపల పని జరిగే తీరు వేరు. ప్రతి యూనిట్‌కీ ఒక చార్టర్ ఉంటుంది. ఈ ఫ్యాక్టరీ ఏ మోడల్ చేయాలి, ఏ మార్కెట్లకి పంపాలి, ఈ సెంటర్ ఏ ప్రోడక్ట్‌లో ఏ ముక్క చూడాలి, ఈ సేల్స్ ఆఫీసు ఎవరికి అమ్మాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. పెట్టుబడి పంచేటప్పుడు పోటీ ఈ చార్టర్ల మధ్య జరుగుతుంది. అందుకే ఒకే దేశంలో, ఒకే లోగో కింద, ఒక యూనిట్ మూతపడుతుంటే ఇంకోటి కొత్తవాళ్లని తీసుకుంటూ ఉంటుంది.

ఫోర్డ్ సంగతే చూడండి. 2021 సెప్టెంబరు 9న ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అంతకుముందు పదేళ్లలో నిర్వహణ నష్టాలు 200 కోట్ల డాలర్లు దాటాయని చెప్పింది. దాదాపు 4,000 మంది ఉద్యోగాల మీద దెబ్బ పడింది. "ఫోర్డ్ ఇండియా వదిలేసింది" అన్న మాటే అందరి నోటా తిరిగింది. కానీ అదే ప్రకటనలో, దేశంలో 11,000 మందికి పైగా సిబ్బంది ఉన్నారని, సాఫ్ట్‌వేర్, ఇంజినీరింగ్, ఫైనాన్స్ పనులు చూసే బిజినెస్ సొల్యూషన్స్ విభాగాన్ని ఇంకా పెంచుతామని రాసి ఉంది. గుజరాత్‌లోని సనంద్‌లో కార్ల అసెంబ్లీ ఆగింది, కానీ రేంజర్ పికప్ కోసం ఎగుమతి చేసే ఇంజన్ల ప్లాంటు 500 మందికి పైగా ఉద్యోగులతో నడిచింది. తర్వాత సనంద్ కార్ల ప్లాంటును టాటా మోటార్స్ కొని, 2023 జనవరిలో చేతికి తీసుకుంది. ఇంజన్ల పని మాత్రం ఫోర్డ్ దగ్గరే ఉండిపోయింది. ఒకే ప్రాంగణంలో రెండు చార్టర్లు, వాటికి రెండు వేర్వేరు నిర్ణయాలు.

ఆ వారం నాకు ఫోన్ చేసినవాళ్లలో, చెన్నైలో ఆ టెక్ విభాగంలో పనిచేసే కుర్రాడి తండ్రి ఒకాయన ఉన్నారు. కొడుకు ఉద్యోగం పోయినట్టే లెక్కేసుకుని, తక్కువ జీతమైనా సరే, వచ్చిన మొదటి ఆఫర్‌కి మారిపొమ్మని పోరుపెడుతున్నారు. ప్రకటన తీసి ఆ ఒక్క పేరా చదివి వినిపిస్తే గానీ ఆయన కుదుటపడలేదు. నిజంగా నష్టపోయినవాళ్లు వేరే ఉన్నారు. షోరూమ్‌ల మీద అప్పు తెచ్చి డబ్బు పెట్టిన డీలర్లు. ప్రకటన వచ్చే ముందురోజు దాకా బండ్లు అమ్ముడవుతూనే ఉన్నాయి కాబట్టి, తమకేం కాదనుకున్నవాళ్లు వాళ్లలో ఎందరో.

వాళ్లకి ముందే తెలిసే దారి ఉందా అంటే, ఉంది. 2019 అక్టోబరులో ఫోర్డ్, మహీంద్రా కలిసి ఇక్కడ ఉమ్మడి కంపెనీ పెడతామని ప్రకటించాయి. అందులో మహీంద్రా వాటా 51 శాతం. ఇండియాకి కొత్త ఫోర్డ్ మోడళ్లు వస్తాయన్న ఆశంతా దాని మీదే ఉంది. 2020 డిసెంబరు 31తో ఆ ఒప్పందం ముగిసిపోయింది. ఇక ఆ ఫ్యాక్టరీలకి తర్వాతి కారు ఏది అన్న ప్రశ్నకి బయట ఎవరి దగ్గరా జవాబు లేదు. మా పనిలో ఉన్నవాళ్లం సెప్టెంబరు ప్రకటన కన్నా ఆ డిసెంబరు వార్తనే ఎక్కువ జాగ్రత్తగా చదివాం. ఏ మోడలైనా కొన్నేళ్లకి పాతబడుతుంది. దాని తర్వాత ఆ లైను మీదకి ఏం రావాలో ముందే తేల్చకపోతే, ఈ రోజు ఎన్ని బండ్లు అమ్ముడైనా ఆ లైను రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టే.

దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ మన పెనుకొండలో ఉంది. 2020 ఫిబ్రవరి మొదటి వారంలో, కియా ఫ్యాక్టరీని తమిళనాడుకి తరలించే చర్చలు జరుగుతున్నాయని ఒక అంతర్జాతీయ వార్తా సంస్థ రాసింది. అదే గ్రూపులోని హ్యుందాయ్‌కి చెన్నై దగ్గర ప్లాంటు ఉంది కాబట్టి జనం తేలిగ్గా నమ్మారు. కియా, రాష్ట్ర ప్రభుత్వం రెండూ ఖండించినా పుకారు ఆగలేదు. ఫ్యాక్టరీ దగ్గర గదులు కట్టి అద్దెకిచ్చే మా దూరపు బంధువు ఒకాయన రాత్రిపూట ఫోన్ చేశాడు. "ఏమ్మా, ఎత్తేస్తారంట కదా! పైన స్లాబు వేయించేదా, ఆపేసేదా?"

110 కోట్ల డాలర్లు పెట్టారు, ఏటా 3 లక్షల కార్లు చేసే ప్లాంటు, అంత సులువుగా పోతారా అని నేను ఆయనకి చెప్పలేదు. పెట్టుబడి పెద్దదైనంత మాత్రాన కంపెనీ కదలదనుకుంటే పొరపాటు. సనంద్‌లో ఫోర్డ్ పెడతానన్నదీ 100 కోట్ల డాలర్లే. నేను చూసింది తర్వాతి మోడల్. సరిగ్గా ఆ వారమే గ్రేటర్ నోయిడాలో ఆటో ఎక్స్‌పో జరుగుతోంది. కియా అక్కడ కార్నివాల్‌ని విడుదల చేసి, సోనెట్ కాన్సెప్ట్‌ని చూపించింది. ఇండియాలో అమ్మడానికి, బయటి దేశాలకి పంపడానికి ఇక్కడే తయారయ్యే చిన్న ఎస్‌యూవీ అది. కొత్త మోడల్ అంటే దానికోసం డైలు (అచ్చులు), రోబోలు, వెల్డింగ్ లైన్లు సిద్ధం కావాలి. కొరియా నుంచి వెంట వచ్చి చుట్టుపక్కల షెడ్లు వేసుకున్న విడిభాగాల కంపెనీలు వాటి లైన్లూ మార్చుకోవాలి. తరలిపోయేవాళ్లు చేసే పని కాదది. "వేయించు మామా" అన్నాను. సోనెట్ ఆ సెప్టెంబరులోనే మార్కెట్లోకి వచ్చింది. 2023 జులైలో ఆ ఫ్యాక్టరీ నుంచి పది లక్షలవ కారు బయటికొచ్చింది.

సాఫ్ట్‌వేర్ సెంటర్లలోనూ ఇదే లెక్క. తర్వాతి మోడల్ బదులు తర్వాతి వెర్షన్ అనుకోండి. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో రెండు టీములు ఉండేవి. ఒకటి చాలా పెద్దది, ఫ్లోర్ అంతా వాళ్లే, పాత ప్రోడక్ట్‌కి టెస్టింగ్ చేసేవాళ్లు. పక్కన ఒక మూల చిన్న టీము, అన్ని దేశాల ధరలు నిర్ణయించే టూల్ మొత్తం వాళ్ల చేతిలోనే. కొత్తగా చేరినవాళ్లంతా పెద్ద టీములోకే వెళ్లాలనుకునేవాళ్లు, సేఫ్ అని. ఆ పాత ప్రోడక్ట్‌ని ఆపేయాలని నిర్ణయించాక ఫ్లోర్ ఖాళీ అయింది. చిన్న టీముకి ఏమీ కాలేదు, ఎందుకంటే వాళ్లు చేసే పని ఇంకెక్కడా జరగడం లేదు. ఆ ఫ్లోర్ ఖాళీ చేసి వెళ్లినవాళ్లలో తెలివితక్కువవాళ్లు ఎవరూ లేరు. వాళ్లకి ఆ ప్రోడక్ట్ భవిష్యత్తు గురించి ఎవరూ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అపోహ: మా సెంటర్ లాభాల్లో ఉంది, మాకేం భయం?

జీసీసీల్లో పనిచేసేవాళ్లు దీన్ని తప్పకుండా తెలుసుకోవాలి. చాలా సెంటర్లకి లాభం అనేది ఒక ఫార్ములా. అయిన ఖర్చు మీద కొంత శాతం కలిపి మాతృసంస్థకి బిల్లు వేస్తారు. ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ (ఒకే గ్రూపు కంపెనీల మధ్య బిల్లులకి వర్తించే పన్ను) నిబంధనల ప్రకారం, బయటివాళ్లకి చేస్తే ఎంత తీసుకుంటారో అంత చూపించాలి కాబట్టి ఈ ఏర్పాటు. ఈ లెక్కలో ఖర్చు పెరిగితే లాభం కూడా పెరిగినట్టే కనిపిస్తుంది. కాబట్టి బ్యాలెన్స్ షీట్ చూసి ధైర్యం తెచ్చుకోవడానికి అందులో ఏమీ లేదు. దేశంలో జీసీసీలు 1,700 దాటాయని, 19 లక్షల మంది పనిచేస్తున్నారని ఐటీ రంగ సంఘం నాస్కామ్, కన్సల్టింగ్ సంస్థ జిన్నోవ్ 2024లో లెక్క చెప్పాయి. రంగం పెరుగుతోందన్నది నిజం. అందులో మీ టీము చార్టర్ ఏమిటన్నది వేరే ప్రశ్న.

అపోహ: స్ట్రాటజీ అంతా హెడ్డాఫీసు పని, అక్కడివాళ్లకి అన్నీ తెలుసు

ఒకసారి హెడ్డాఫీసు హైదరాబాద్‌లో ఉందనుకోండి. 2006లో డాక్టర్ రెడ్డీస్ జర్మనీలోని బీటాఫార్మ్‌ని 48 కోట్ల యూరోలకి కొంది. ఆగ్స్‌బర్గ్‌లో ఉన్న జెనరిక్ మందుల కంపెనీ అది. అప్పట్లో మన కంపెనీలు విదేశాల్లో చేసిన పెద్ద కొనుగోళ్లలో ఇదొకటి. బలమైన సేల్స్ బృందం, డాక్టర్లలో మంచి పేరు, జెనరిక్స్‌కి మంచి ధర వచ్చే మార్కెట్. కొన్నాళ్లకే అక్కడి ఆరోగ్య సంస్కరణలు వచ్చాయి. బీమా నిధి సంస్థలు నేరుగా టెండర్లు పిలిచి, తక్కువ ధర వేసినవాళ్ల మందే తీసుకోవడం మొదలుపెట్టాయి. డాక్టర్ల చుట్టూ తిరిగే బృందం విలువ ఒక్కసారిగా పడిపోయింది. ఆ కొనుగోలు విలువలో పెద్ద భాగాన్ని పుస్తకాల్లో రద్దు చేసుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీలో తెలివైనవాళ్లు లేక కాదు. ఒక దేశపు చట్టం, బీమా పద్ధతి, కొనేవాడి అలవాటు ఎటు కదులుతున్నాయో అక్కడ ఉన్నవాళ్లకే ముందు తెలుస్తుంది. ఆ కబురు పైకి చేరే దారి ఉందా లేదా అన్నదే అసలు విషయం. అమెరికాలో సియాటిల్ హెడ్డాఫీసు ఏమనుకుంటోందో అని మనం ఇక్కడ ఎదురుచూసినట్టే, హైదరాబాద్ ఏమనుకుంటోందో అని ఆగ్స్‌బర్గ్‌లోనూ ఎదురుచూసి ఉంటారు.

పద్ధతి ప్రకారం కూడా అంకెలు కింది నుంచే బయల్దేరుతాయి. దేశం టీము అంచనా పంపుతుంది, ప్రాంతీయ ఆఫీసు కోతలు పెడుతుంది, పైవాళ్లు అన్ని దేశాలవీ పక్కపక్కన పెట్టి పంచుతారు. మీరు పంపిన పేజీలో మీ యూనిట్ చేయగల కొత్త పని లేకపోతే, పైన ఎవరూ దాన్ని మీ కోసం ఊహించి రాయరు.

మిగతావి క్లుప్తంగా

ఒక దేశంలో గెలిచిన సూత్రం అన్నిచోట్లా గెలుస్తుందా? వాల్‌మార్ట్ 1997లో జర్మనీ వెళ్లి 2006లో అమ్ముకుని బయటికొచ్చింది. అదే ఏడాది దక్షిణ కొరియానీ వదిలింది. మెక్సికోలో మాత్రం అదే అతి పెద్ద రిటైలర్.

పోనీ, పూర్తిగా లోకల్ అయిపోతే చాలా? 1996లో మెక్‌డొనాల్డ్స్ ఇండియాకి బీఫ్, పోర్క్ లేకుండా వచ్చింది, ఆలూ టిక్కీ పెట్టింది. కానీ సరుకు నాణ్యత, కోల్డ్ చెయిన్, కిచెన్ పద్ధతుల్లో తన నియమాలు సడలించలేదు. ఏది మార్చాలి, ఏది మార్చకూడదు అని తేల్చుకోవడమే మా పనిలో సగం.

బ్రాంచి ఎప్పటికీ బ్రాంచేనా? సుజుకీ ప్రపంచమంతటా చేసే కార్లలో సగానికి పైగా ఇండియాలోనే తయారవుతాయి. ఇక్కడ చేసిన ఫ్రాంక్స్ కారు 2024 నుంచి సుజుకీ సొంత దేశం జపాన్‌లో కూడా అమ్ముడవుతోంది.

మరి ఎవరిని ఏం అడగాలి?

ఫార్వర్డ్ వస్తే, ముందు ఆ కంపెనీ విడుదల చేసిన అసలు ప్రకటన చదవండి. ఏ యూనిట్ అని పేరుతో సహా రాసి ఉంటుంది. మీరు ఉద్యోగి అయితే మేనేజర్‌ని సూటిగా అడగండి: మనం చేసే పని ఇంకే దేశంలోనైనా జరుగుతోందా? దీని బడ్జెట్ ఎవరి చేతిలో ఉంది? వచ్చే రెండేళ్లలో మనకి కొత్తగా ఏం కేటాయించారు? డీలర్లు, విడిభాగాలు సరఫరా చేసేవాళ్లు షెడ్డుకో షోరూమ్‌కో అప్పు తెచ్చే ముందు మూడో ప్రశ్నకి రాతపూర్వకంగా జవాబు అడగాలి. ఇవ్వకపోతే అప్పు తగ్గించుకోండి.

అడగడానికి కూడా ఒక సమయం ఉంది. జనవరి నుంచి డిసెంబరు ఆర్థిక సంవత్సరంగా నడిచే అమెరికా, యూరప్ కంపెనీల్లో సాధారణంగా దీర్ఘకాల ప్రణాళిక ఏడాది మధ్యలో తయారవుతుంది. వచ్చే ఏడాది బడ్జెట్ సెప్టెంబరు నుంచి నవంబరు లోపు ఖరారవుతుంది. జనవరిలో ఉద్యోగులందరికీ టౌన్‌హాల్ మీటింగ్ పెట్టి చెప్పేది అప్పటికే పంచేసిన డబ్బు గురించి. మీ ప్రశ్న, మీ ప్రతిపాదన జూన్, జులైలో మేనేజర్ టేబుల్ మీద ఉండాలి.