కొబ్బరన్నం: చిక్కటి పాలు పోసినంత మాత్రాన రుచి రాదు

కోనసీమలోని అంబాజీపేట చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లకీ పంక్షన్లకీ వంటలు ఒప్పుకుని చేస్తున్నాను. 20 ఏళ్లు దాటింది. పలావు, పులిహోర ఎలా చేయాలని నన్ను ఎవరూ అడగరు. అడిగేదంతా కొబ్బరన్నం గురించే. "అక్కా, రెండు కాయలు కొట్టి పాలు తీసి పోశానండి, అయినా ముద్దయిపోయింది, కొబ్బరి వాసనే లేదు" అంటారు. కొబ్బరి తోటల మధ్య పుట్టి పెరిగినవాళ్లు కూడా ఇలా అంటుంటే నాకు మనసు ఊరుకోదు. వాళ్లకి వంట రాక కాదు. ఒకరి నోట ఒకరు విని నమ్మిన మాటలే చెడగొడుతున్నాయి.

మన గోదావరి జిల్లాల్లో కొబ్బరన్నం అంటే రెండు రకాలు. ఉడికిన అన్నంలో కొబ్బరి కోరు కలిపి పోపు పెట్టేది ఒకటి. దసరా నవరాత్రుల్లో నైవేద్యానికి చేసుకునేది అదే. కొబ్బరి పాలలో బియ్యం వండి కోడికూరకి తోడుగా వడ్డించేది రెండోది. తప్పులు ఎక్కువ జరిగేది ఈ రెండోదానిలో కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను.

అపోహ: పాలు ఎంత చిక్కగా ఉంటే అన్నం అంత రుచి.

మొదట్లో నేనూ ఇదే నమ్మాను. సొంతంగా ఒప్పుకున్న మొదటి పెద్ద వంట 100 మందికి. తోట పెళ్లివారిదే, కాయలకి లోటు లేదు. బాగా చేసి పెట్టాలన్న ఆత్రంతో రెండోసారి పిండకుండా, మొదటి పాలే తీసి అందులోనే బియ్యం పోసి ఉడకబెట్టాను. పది నిమిషాలు కాకుండానే మాడు వాసన మొదలైంది. మూత తీస్తే పైన బియ్యం పలుకుగా ఉంది, పక్కల నూనె తేలుతోంది, గరిటె పెడితే అడుగున నల్లగా పట్టేసింది. పైనున్నది ఇంకో గుండిగలోకి మార్చి, వేడినీళ్లు చిలకరించి, మూతమీద నిప్పులు పోసి ఎలాగో వడ్డించాం. మాడు వాసన మాత్రం పోలేదు. ఆ ఇంటి పెద్దావిడ ఒక్క మాట అనలేదు. రెండు ముద్దలు తిని విస్తరి మడిచి లేచారు. పాల లెక్క నేను నేర్చుకున్నది ఆ రోజు నుంచే.

వాస్తవం ఏమిటంటే, బియ్యం ఉడకడానికి కావలసింది నీళ్లు. గింజలోని పిండి నీటిని పీల్చుకుని ఉబ్బితేనే మెతుకవుతుంది. మొదటి పాలలో కొవ్వు ఎక్కువ, నీళ్లు తక్కువ. అసలు కొబ్బరి పాలంటే నీటిలో చెదిరి ఉన్న సన్నటి నూనె బొట్లే. కొబ్బరిలోని మాంసకృత్తులు ఆ బొట్లను ఒకదానితో ఒకటి కలవకుండా పట్టి ఉంచుతాయి. ఎక్కువసేపు కుతకుతా మరిగిస్తే ఆ పట్టు వదిలి పాలు విరుగుతాయి. నూనె పైకి వస్తుంది, మిగిలిన సారం అడుగుకి చేరి మాడుతుంది. ఆ వేడికి కమ్మటి వాసన కూడా ఆవిరితో పాటే పోతుంది.

అందుకే బియ్యాన్ని ఉడికించాల్సింది రెండో పాలు. మొదటి పాలు ఆఖర్న వచ్చి వాసననీ నునుపునీ ఇవ్వాలి. ఇంట్లో నలుగురికి నేను వాడే లెక్క ఇది. 2 గ్లాసుల బియ్యానికి ఒక పెద్ద ముదురు కాయ. కోరిన కొబ్బరిని 1 గ్లాసు గోరువెచ్చటి నీళ్లతో మెత్తగా రుబ్బి, పల్చటి గుడ్డలో పిండితే మొదటి పాలు 1 గ్లాసుకి కొంచెం అటూ ఇటూగా వస్తాయి. అదే పిప్పిని రెండున్నర గ్లాసుల నీళ్లతో మళ్లీ తిప్పి పిండితే రెండో పాలు. బియ్యం కడిగి అరగంట నానబెట్టి వార్చి ఉంచుకోవాలి. మందపాటి గిన్నెలో నెయ్యి వేసి, మసాలా దినుసులు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక రెండో పాలు పోసి ఉప్పు వేయాలి. పాలు నోట్లో వేసుకుంటే ఉప్పు ఒక పిసరు ఎక్కువ అనిపించాలి, బియ్యం పడ్డాక సరిపోతుంది. తెర్లాక బియ్యం వేసి మధ్యస్థం మంటమీద వదిలేయాలి. పాలు ఇంకి బియ్యం మట్టానికి దిగి, పైన చిన్న చిన్న గుంటలు పడుతున్నప్పుడు మొదటి పాలు చుట్టూరా పోసి, అట్లకాడతో అడుగు నుంచి ఒక్కసారి కదిపి, గట్టి మూత పెట్టి, సన్న సెగమీద 10 నిమిషాలు మగ్గనివ్వాలి. దించాక ఇంకో 10 నిమిషాలు మూత ముట్టుకోకండి. మెతుకు విడివిడిగా నిలబడేది ఆ ఊరుకోవడంలోనే.

కుక్కర్లో చేసేవాళ్లకి ఇలా ఆఖర్న పోసే వీలుండదు. పాలన్నీ కలిపి 3 గ్లాసులు చాలు, ఒక్క విజిల్ రాగానే కట్టేయండి. కొబ్బరి పాలు పొంగుతాయి కాబట్టి కుక్కర్ సగానికి మించి నింపొద్దు.

అపోహ: కొబ్బరికాయ ఏదైనా ఒకటే, లేతదైతే ఇంకా రుచి.

నేను ఎక్కువసేపు పెట్టేది ఇక్కడే. పొయ్యి వెలిగించకముందే, కాయ దగ్గరే సగం రుచి తేలిపోతుంది.

కొబ్బరికాయ పూర్తిగా ముదరడానికి ఏడాది పడుతుంది. ఆరేడు నెలల బొండంలో నీళ్లు బాగుంటాయి, మీగడలాంటి లేత కొబ్బరి ఉంటుంది, తినడానికి తియ్యగానూ ఉంటుంది. కానీ దానిలో నూనె ఇంకా పట్టలేదు. పాలు తీస్తే తెల్లనీళ్లే. నూనె పట్టేది ఆఖరి నెలల్లో. 11, 12 నెలల కాయైతేనే పాలు పాలలా ఉంటాయి. రకం కూడా చూసుకోవాలి. మన తోటల్లో ఎక్కువగా ఉండే పొడవు చెట్ల కాయలో నూనె బాగుంటుంది. గంగాబొండం లాంటి పొట్టి రకాలు నీళ్లు తాగడానికి పెట్టింది పేరు, పాలకి అంత పనికిరావు.

దింపు తీసినప్పుడు చెట్టు నుంచి దిగిన కాయలన్నీ సమానంగా ముదిరి ఉండవు. రాశిలో చేతికందిన కాయ తెచ్చుకుంటే అది ముదురో కాదో అదృష్టమే. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో తోటలకి తోటలే నేలకూలాయి. అప్పటిదాకా మా ఇంటికి పెరటి చెట్టు కాయలే, ఎంచుకోవడమన్నది తెలియదు. ఆ తర్వాత కొన్నేళ్లు అమ్మ కాయలు కొని తెచ్చేది. ఒక్క కాయకి కూడా డబ్బు దండగ కాకూడదని ప్రతిదీ చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. నేను నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. కాయ నిండుగా ఉండి చప్పుడు రాకపోతే లేతది. నీళ్లు గలగలమంటూ, చేతికి బరువు తెలుస్తూ ఉంటే ముదిరింది. అసలు నీళ్ల చప్పుడే లేకుండా తేలిగ్గా ఉంటే నీరు ఇంకిపోయిందన్నమాట. అది కురిడీ (చిప్పలోనే ఎండిన కొబ్బరి) అయినా అయి ఉండాలి, చెడిపోయైనా ఉండాలి. కళ్ల దగ్గర తడి గానీ బూజు గానీ ఉంటే పక్కన పెట్టేయండి. మార్కెట్లో ముక్కుడు కాయ అని అడిగితే, కొన్నాళ్లు నిల్వ ఉంచిన నీటికాయ ఇస్తారు. పచ్చికాయ కన్నా నాకు అదే ఇష్టం, పాలు కమ్మగా ఉంటాయి.

ఇంకొక్క జాగ్రత్త. రెండు మూడు కాయలు కొట్టాల్సి వస్తే ప్రతి కాయా విడిగా కొట్టి, ఒక ముక్క కొరికి చూసి, అప్పుడే మిగతా కొబ్బరితో కలపండి. ఒక్క ముక్కిపోయిన కాయ గుండిగ మొత్తాన్ని పాడుచేస్తుంది.

అపోహ: ఫ్రిజ్‌లో పెట్టిన కొబ్బరైనా పాలు ఒకేలా వస్తాయి.

రావు. కొబ్బరి నూనె 24, 25 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ధనుర్మాసంలో సీసాలో నూనె తెల్లగా పేరుకోవడం మనమందరం చూసిందే. చల్లటి కొబ్బరిని చన్నీళ్లతో రుబ్బితే కొవ్వు పిప్పిలోనే ఉండిపోయి, పాలు పల్చగా దిగుతాయి. అందుకే గోరువెచ్చటి నీళ్లు అన్నాను. మరిగే నీళ్లు మాత్రం పోయకండి, చెయ్యి పెట్టి పిండగలిగే వేడి చాలు.

కాయ కొట్టిన నీళ్లు ఎసట్లో పోస్తే రుచి పెరుగుతుందని కొందరంటారు. ఆ నీళ్లలో కొవ్వు ఉండదు, కాస్త తీపి ఉంటుంది. పోస్తే అన్నం తియ్యబడుతుంది, అంతే. పిల్లలకి ఇచ్చేయండి.

ప్యాకెట్ కొబ్బరి పాలు, కొబ్బరి పాల పొడి సంగతి కూడా అడుగుతుంటారు. చిక్కదనం నిలవడానికి వాటిలో వేరే పదార్థాలు కలుపుతారు, ప్యాకెట్ మీద చదివితే తెలుస్తుంది. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి కాయ దొరకనివాళ్లు నిశ్చింతగా వాడుకోవచ్చు, నీళ్లు కలిపి పల్చన చేసుకుంటే చాలు. చేతికందే దూరంలో చెట్టు పెట్టుకుని ప్యాకెట్ కత్తిరించడం మాత్రం నేను ఒప్పుకోను.

అపోహ: బాస్మతి లేకపోతే కొబ్బరన్నం కుదరదు.

బాస్మతికి దాని సొంత వాసన ఉంది. కొబ్బరి వాసనతో అది పోటీ పడుతుంది. మన సన్న బియ్యం, సాంబ మసూరి లాంటివి, కొబ్బరిని తమలోకి తీసుకుంటాయి. కాకపోతే బియ్యం పాతవి కావాలి. కొత్త బియ్యంతో ఎవరు చేసినా ముద్దవుతుంది. ఇంట్లో కొత్త బియ్యమే ఉంటే రెండో పాలు అర గ్లాసు తగ్గించుకోండి.

అపోహ: మసాలా దట్టిస్తేనే ఘుమఘుమ.

కొబ్బరి వాసన మెత్తనిది. 2 గ్లాసుల బియ్యానికి 3 లవంగాలు, 2 యాలకులు, చిన్న దాల్చినచెక్క ముక్క, ఒక బిర్యానీ ఆకు. ఇంకేమీ అక్కర్లేదు. గరం మసాలా పొడి వేశారంటే అది పలావు అవుతుంది. అల్లం వెల్లుల్లి ముద్ద అర చెంచా దాటనివ్వకండి. కారం, ఘాటు అన్నీ పక్కన వడ్డించే కూరలో ఉండాలి. నాటుకోడి పులుసైనా, రొయ్యల ఇగురైనా, శాకాహారులకి వంకాయ జీడిపప్పు కూరైనా సరే. అన్నంలో పాలు ఉన్నాయి కాబట్టి ఆ కూరలో మళ్లీ కొబ్బరి వేయొద్దు. వేస్తే నాలుగు ముద్దలకే మొహం మొత్తుతుంది.

నైవేద్యానికి చేసే కోరు కొబ్బరన్నంలో జరిగే తప్పు వేరు. కోరు ఎర్రగా వేగాలనుకుంటారు. ఎర్రబడితే పచ్చి కొబ్బరి తేమ పోయి, పొట్టులా పంటికి తగులుతుంది. ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, జీడిపప్పు పోపు వేగాక మంట తగ్గించి కోరు వేసి, పచ్చి వాసన పోయేదాకా, అంటే ఒకటి రెండు నిమిషాలు తిప్పి దించేయాలి. అన్నం పళ్లెంలో ఆరబెట్టి కలపాలి, పొగలు కక్కే అన్నంలో కలిపితే చిమిడిపోతుంది. కోరేటప్పుడు చిప్పకి అంటుకున్న గోధుమరంగు పొర దాకా వెళ్లకుండా కోరడం ఆపేస్తే అన్నం మల్లెపువ్వులా ఉంటుంది.

అపోహ: కొబ్బరిలో కొలెస్ట్రాల్ ఉంటుంది.

ఉండదు. మొక్కల నుంచి వచ్చే దేనిలోనూ లెక్కలోకి తీసుకునేంత కొలెస్ట్రాల్ ఉండదు. అలాగని "మన కొబ్బరే కదా, ఎంత తిన్నా మంచిదే" అనే మాట కూడా నిజం కాదు. కొబ్బరి నూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వే, అది ఎక్కువైతే ఒంట్లో చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. గుండెకి మందులు వాడుతున్నవాళ్లు డాక్టరు చెప్పినంతవరకే తినాలి. మిగతావాళ్లు పండక్కో, చుట్టాలొచ్చినప్పుడో కడుపునిండా తినొచ్చు. రోజూ వండుకునే అన్నం కాదు ఇది.

అపోహ: రాత్రి మిగిలింది పొద్దున్న బాగా వేడి చేస్తే ఏమీ కాదు.

నాకు అన్నిటికన్నా భయం వేసేది ఈ మాట. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవుల బీజాలు ఉడికినా చావవు. అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాంతులు పట్టుకునేది దానివల్లే. పైగా కొబ్బరి త్వరగా పులుస్తుంది, మన డెల్టా ఉక్కలో మరీ త్వరగా. వాసన రాలేదు కదా అని నమ్మడానికి లేదు, విషం తయారైనా వాసన రాకపోవచ్చు. మిగిలితే 2 గంటల లోపు వెడల్పాటి గిన్నెలో పల్చగా పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు ఒక్కసారే బాగా వేడి చేసి తినేయండి.

నా వంటల్లో మధ్యాహ్నం పంక్తులు అయ్యాక, "అమ్మా, ఆ మిగిలింది రాత్రికి కట్టివ్వండి" అని అడుగుతారు. కూరలు, స్వీటు అప్పటికప్పుడు కట్టి ఇస్తాను. గుండిగలో ఉండిపోయిన కొబ్బరన్నం మాత్రం ఇవ్వను. కొందరు నొచ్చుకుంటారు, "ఇంత వండి పారబోస్తారా" అంటారు. పారబోస్తుంటే నా ప్రాణమూ ఉసూరుమంటుంది. అందుకే ఇప్పుడు వంట ఒప్పుకునేటప్పుడే ఇంటివాళ్లని కూర్చోబెట్టి తలలు లెక్కపెట్టించి, కొబ్బరన్నానికి మాత్రం పది విస్తళ్లు తక్కువే రాసుకుంటున్నాను. చాలకపోతే వేయడానికి మామూలు అన్నం పక్క పొయ్యి మీద ఉంటుంది.