జంపఖానా అంచు చూసి రండి

పెద్దోడికీ, బుజ్జిదానికీ తాత ఆశీస్సులు.

మొన్న రంజాన్ పండుగనాడు చిన్నమ్మమ్మ ఇంట్ల రెండేసి గిన్నెల షీర్ ఖుర్మా తాగి ఆటోలో వస్తుంటే బుజ్జిది నన్నొక మాట అడిగింది. “తాతా, చిన్నమ్మమ్మ దేవుణ్ణి మార్చుకుందట గద, మరి పాత దేవుడు ఫీలవ్వడా?” ఆటో ఆయన గూడ వెనక్కి తిరిగి చూసిండు. అంతలనే పోచమ్మ మైదాన్ చౌరస్తా వచ్చింది, నేను బస్సులు చూపించి తప్పించుకున్న. మీరు హైదరాబాద్ పోయిన్రు గని, ఆ ప్రశ్న ఈడనే ఉండిపోయింది. అందుకే ఈ ఉత్తరం.

చిన్నమ్మమ్మ మీ అమ్మమ్మకు చెల్లెలు, నాకు సొంత మేనమామ బిడ్డ. వరంగల్ కొత్తవాడల, కింద పరుచుకునే జంపఖానాలు నేసే ఇంటికి కోడలుగ పోయింది. జంపఖానా ఎట్ల నేస్తరో మీకు తెలిస్తే నా సమాధానం సగం తెలిసినట్టే. మగ్గం మీద ముందుగాల పడుగు కడతరు. తెల్ల నూలు, నిలువుపోగులు, వేలితోని మీటితే మోగేటంత బిగువుగ. వాటి సందుల నుంచి రంగు నూలు అడ్డంగ పోతది, దాన్ని పేక అంటరు. ఒక్కో వరుస పోంగనే పంజాతోని దబదబ కొడతరు. పంజా అంటే ఇనుప పండ్లున్న దువ్వెన అనుకోండి. అట్ల కొట్టంగ కొట్టంగ పేక ఎంత దట్టంగ కూసుంటదంటే, నేత అయిపోయినంక పడుగు కంటికి కనబడది. ఎరుపు, నీలం, పసుపు చారలే కనబడతయి. బరువంతా మోసేది మాత్రం లోపలి తెల్లపోగు. (ఈ జంపఖానాలకు 2018ల భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్ల చూసి చిన్నమ్మమ్మకు చదివి వినిపించిన. “గుర్తింపు మంచిదే, కూలి పెరిగిందా బావా?” అన్నది.)

నా లెక్క ఏందంటే, చిన్నమ్మమ్మది పేక మారింది, పడుగు పాతదే. పైన రంగు వేరే, లోపల మా మామ బిడ్డనే. చాలా ఏండ్లు ఈ పోలిక పట్టుకొని నేను మస్తు మురిసిపోయిన. పెండ్లిండ్లల్ల నలుగురికి చెప్పిన గూడ.

పంజా అంటే ఇంకోటి యాదికొచ్చింది. మా చిన్నప్పుడు మా ఊళ్లె ముసల్మానుల ఇండ్లు రెండే. కాని పీరీల పండుగ, అంటే మొహర్రం, ఊరందరిది. పీరీలు (గుడ్డలు చుట్టిన పొడుగు కర్రలు) ఎత్తేది మనోళ్లే, గుండం తవ్వేది మనోళ్లే, డప్పు కొట్టేది మనోళ్లే. క్రీస్తు శకం 680ల కర్బలా దగ్గర చంపబడ్డ, ముహమ్మద్ ప్రవక్త మనుమడు హుసేన్ కోసం ఆ దుఃఖమని నాకు మీసాలొచ్చేదాక తెల్వది. నాకు కావాల్సింది మలీద ముద్ద. రొట్టెలు నలిపి, బెల్లం కలిపి, ముద్దలు చేసి పెడతరు. నేను రెండు చేతులతోని తింటుంటే, ఏడేండ్ల మీ చిన్నమ్మమ్మ తన ముద్ద తినుడు మర్చిపోయి పీరీ మీది చెయ్యి దిక్కు చూసుకుంట నిలబడేది. దాన్ని గూడ పంజానే అంటరు, ఐదు వేళ్ల వెండి చెయ్యి. ఆమె ముద్ద గూడ నేనే తిన్న, ఇప్పుడు ఒప్పుకుంటున్న.

ఆమె భర్త చిన్న వయసులనే పోయిండు. పిల్లలు లేరు. మగ్గమే మిగిలింది. పక్కింట్ల ఒక దాదీమా ఉండేది, తెల్లారగట్ల లేచి నమాజు చేసేది. గోడ ఇవతల ఈమె నేసుకుంట వినేది. ఎన్ని నెలలు విన్నదో నాకు తెల్వది. మీ అమ్మ పదో తరగతి చదివేటప్పుడు ఒకరోజు స్నానం చేసి, దాదీమా ముందల కూసుండి, దేవుడు ఒక్కడే, ఆయన తప్ప మొక్కదగినోడు లేడు, ముహమ్మద్ ఆయన పంపిన ప్రవక్త అని అరబ్బీల నోరారా పలికింది. గంతే. డప్పు లేదు, దక్షిణ లేదు.

వాడకట్టు ఊకుంటదా? మళ్ల పెండ్లి కోసమన్నరు, పైసల కోసమన్నరు, గాలి సోకిందన్నరు. పెండ్లి రాలె, పైసలు రాలె. గాలి సంగతి నాకు తెల్వది. సొంత అన్న నాలుగేండ్లు మాట్లాడలె. నేనేం తక్కువ తినలె. మీ అమ్మ పెండ్లికి, మీ నాన్న తరఫోళ్లు ఏమనుకుంటరో అని ఆమెను పిలువలె. పెండ్లి ముందురోజు రిక్షాల ఒక పెద్ద జంపఖానా వచ్చింది. ఎర్ర చారలు, నీలం చారలు. పందిట్ల మీ నాన్న తరఫోళ్లంతా దాని మీదనే కూసున్నరు.

నమాజుల చదివేది ఖురాన్ మొదటి సూరా, అంటే మొదటి అధ్యాయం, ఏడు వాక్యాలు. రోజుకు ఐదు పూటలు కలిపి తప్పనిసరివే 17 రకాతులు (నిలబడి, వంగి, సాష్టాంగపడే ఒక్కో ఆవృత్తి), ఒక్కోదాంట్ల ఆ ఏడు వాక్యాలు చదవాలె. నోరు తిరగని అరబ్బీని ఆమె మగ్గం మీదనే నేర్చింది. ఒక వరుస పేక, ఒక మాట, పంజా దెబ్బ. మాట తప్పితే పేక విప్పి మళ్ల. ఇప్పుడు మోకాళ్లు వంగయి, కుర్చీల కూసుండి చేస్తది. దానికి ముందల వజూ చేసుడు చూసిన్రా? ఒక్క చెంబు నీళ్లు. చేతులు, నోరు, ముక్కు, మొఖం, మోచేతుల దాక, తల మీద తడి చెయ్యి, ఆఖరుకు కాళ్లు. చెంబుల ఇంకా మిగిలితే జామచెట్టుకు పోస్తది. మీరు బ్రష్ చేసేటప్పుడు నల్లా ఇప్పి పెట్టుడు నేను చూస్తనే ఉన్న.

2018ల రంజాన్ ఉపాసాల నెల మే నడుమల పడ్డది. వరంగల్ ఎండ మీకు తెల్సు. గుక్కెడు నీళ్లు లేకుంట పొద్దుగూకేదాక ఉన్నది. 2026ల అదే రంజాన్ ఫిబ్రవరిలకు వచ్చింది. ఏడాదికి పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతది. మన పంచాంగంల అధికమాసం కలుపుతరు గనుక ఉగాది ఎండాకాలం మొదట్లనే ఉంటది, వాళ్లు కలుపరు. అట్ల 33 ఏండ్లకు అన్ని కాలాలు తిరిగొస్తది. చిన్నమ్మమ్మ చలిల, వానల, ఎండల, అన్నిట్ల ఉపాసం ఉన్నది.

ఇంక పీరీల ముచ్చట. ఇప్పుడు ఆమె పీరీలకు మొక్కది. ఒకసారి ఎగతాళి చేసిన, “ముసల్మాను కానప్పుడు పీరీలకు మొక్కితివి, అయినంక బందు పెడితివి, ఇదేం కథ?” అని. “తొవ్వ చూపిన చెయ్యి పట్టుకొని ఆడ్నే నిలబడతమా బావా?” అన్నది.

బుజ్జిదాని ప్రశ్న గూడ నిన్న పోయి అడిగిన. చానసేపు నవ్వింది. “పాతాయన, కొత్తాయన అని ఇద్దరెక్కడున్నరు? అప్పుడు గూడ ఆయన ఒక్కడే ఉండె. నాకే తెల్వకపోయె” అన్నది. నేను ఊకుండక నా పడుగు–పేక పోలిక చెప్పిన. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. “ఉల్టా చెప్తున్నవు. పేక పాతదే. అదే పచ్చిపులుసు, అదే తెలుగు, అదే నువ్వు. మారింది పడుగు” అన్నది.

ఇరవై ఏండ్ల పోలిక ఒక్క నిమిషంల తెగింది. ఎవరి మాట నిజమో నాకు తెల్వది. నేసిన ఆమెకే ఎక్కువ తెల్సు అనుకుంటున్న.

దసరా సెలవులకు వచ్చినప్పుడు మీరే చూడండి. మీ అమ్మ పెండ్లి జంపఖానా ఇప్పుడు ఆమె ఇంట్లనే ఉన్నది, ముందరి అర్రల పరిచి ఉంటది. కొసకు పోయి ముడులు పక్కకు జరిపితే తెల్లపోగులు బయటికి కనబడతయి. వేలితోని పట్టుకొని చూడండి, గుంజకండి. ఆమె నమాజుల ఉంటే ముందల నుంచి నడవకండి, వెనక నుంచి పోయి కూసోండి.

మీ తాత