రోబో దారి తప్పితే తప్పు ఏఐదేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: రోబో అంటేనే ఏఐ.
వాస్తవం: 1961లో అమెరికాలో జనరల్ మోటార్స్ కర్మాగారంలో పనికి దిగిన యూనిమేట్ అనే రోబో చేతిలో ఏఐ లేదు. నేర్పిన కదలికలనే మళ్లీ మళ్లీ చేసేది. వస్తువు ఎప్పుడూ ఒకేచోట ఉండే పనికి ఏఐ దండగ ఖర్చే.

అపోహ: రోబోటిక్స్ మెకానికల్ వాళ్ల సబ్జెక్టు.
వాస్తవం: 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మొదలైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి తొలి డైరెక్టర్ ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్. మనిషి మాటని యంత్రం గుర్తుపట్టడం మీద ఎక్కువగా పనిచేశారు. 1994లో కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. అలాగని మెకానికల్‌ని పక్కన పెడితే ఏమవుతుందో కింద చూడండి.

అపోహ: రోబో బండి తిన్నగా వెళ్లకపోతే అల్గారిథమ్ మార్చాలి.
వాస్తవం: ముందు వెర్నియర్ కాలిపర్ తీసి చక్రాలు కొలవండి. 65 మి.మీ. వ్యాసమున్న చక్రాల జతలో ఒకటి 64 ఉందనుకోండి. రెండూ ఒకే వేగంతో తిరిగినా 10 మీటర్లకి ఆ వైపు 15 సెం.మీ. వెనకబడుతుంది. చక్రాల మధ్య ఎడం 20 సెం.మీ. అయితే బండి దాదాపు 44 డిగ్రీలు పక్కకి తిరిగిపోతుంది. చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్ లెక్కలో మాత్రం తిన్నగానే వెళ్లినట్టు! ఏఐ మోడల్‌ని ఎంత ట్రైన్ చేసినా ఆ ఒక్క మిల్లీమీటరు పోదు.

ఇలాంటి తప్పు పట్టుకోవాలంటే నేల మీద టేపుతో 4 మీటర్ల భుజంతో చదరం గీసి, సవ్యంగా ఐదుసార్లు, అపసవ్యంగా ఐదుసార్లు నడిపించి, ఆగిన చోటల్లా గుర్తు పెట్టండి. ఒకవైపే తిప్పితే చాలదు. చక్రాల సైజు తప్పు, ఎడం కొలతలో తప్పు ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. ఎదురు దిశలో తిప్పితే రెండూ తోడై బయటపడతాయి.

అపోహ: లైడార్ ఉంటే దేన్నీ గుద్దుకోదు.
వాస్తవం: లైడార్ అంటే లేజర్ కిరణాలతో దూరాలు కొలిచే సెన్సర్. 2డి లైడార్ ఒక్క ఎత్తులోనే చూస్తుంది. 20 సెం.మీ. ఎత్తున బిగిస్తే టేబుల్ కాళ్లు కనిపిస్తాయి, పైపలక కనిపించదు. అద్దాల తలుపైతే కిరణం దాటిపోయి మ్యాపులో ఖాళీ దారి పడుతుంది. ముందువైపు ఒక అల్ట్రాసోనిక్ సెన్సర్ పెట్టండి, ధ్వని అద్దానికి తగిలి వెనక్కొస్తుంది.

అపోహ: పరుగు మధ్యలో బోర్డు రీస్టార్ట్ అయితే కోడ్‌లో బగ్గే.
వాస్తవం: చాలాసార్లు బ్యాటరీ. మోటార్లు కదిలే క్షణంలో కరెంటు గుంజేస్తాయి, వోల్టేజి పడిపోతుంది. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డులో, అందే వోల్టేజి 4.63 వోల్టుల దిగువకి రాగానే హెచ్చరిక మొదలవుతుంది. బోర్డుకి వోల్టేజిని నిలకడగా ఉంచే 5 వోల్టుల రెగ్యులేటర్ వేరేగా ఇవ్వండి. గ్రౌండ్ (నెగటివ్) తీగలు మాత్రం కలిపే ఉంచాలి, లేకపోతే మోటార్లని నడిపే డ్రైవర్ సర్క్యూట్‌కి సిగ్నల్ సరిగ్గా అందదు.