బడి పిల్లలకు ఆహార శుభ్రత నేర్పడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: చేతులు చూడటానికి శుభ్రంగా ఉంటే భోజనానికి ముందు నీళ్లతో తడిపితే చాలు.

వాస్తవం: చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో సంగటి ముద్దయినా, సాంబారన్నమైనా పిల్లలు చేత్తోనే తింటారు కనుక ఈ అపోహను ముందుగా తొలగించాలి. మధ్యాహ్నం గంట కొట్టగానే కుళాయి దగ్గర వేళ్ల కొసలు తడిపి, లాగూకు తుడుచుకొని పళ్లెం పట్టుకోవడం ఏ ప్రాథమిక పాఠశాలలోనైనా కనిపించేదే. చేతి జిడ్డు ఉత్త నీళ్లకు వదలదు; మురికీ, కంటికి కనబడని సూక్ష్మజీవులూ ఆ జిడ్డునే అంటిపెట్టుకొని ఉంటాయి. సబ్బు ఆ జిడ్డును చర్మం నుంచి విడదీస్తుంది. ఈ సంగతి ఒకటో తరగతి పిల్లలకు చెప్పి ఒప్పించడం కష్టం, చూపించడం తేలిక. రంగు సుద్దముక్కను మెత్తగా నూరి, నాలుగు చుక్కల కొబ్బరినూనెలో కలిపి వాళ్ల చేతులకు రాసి, మొదట నీళ్లతో మాత్రమే కడుక్కోమనాలి. రంగు పోదు. తరువాత సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్దించాలి. అప్పటికీ బొటనవేలి చుట్టూ, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద కొంత మిగులుతుంది. తాము ఎక్కడ రుద్దలేదో పిల్లలే వెతికి పట్టుకుంటారు. సెకన్ల లెక్క తెలియని వయసు కాబట్టి, రెండో ఎక్కం పది దాకా తాపీగా చదవమంటే కొలత కుదురుతుంది.

అపోహ: శానిటైజర్ ఉంటే సబ్బు అక్కర్లేదు.

వాస్తవం: మట్టీ జిడ్డూ ఉన్న చేతుల మీద అది సరిగా పనిచేయదు. ఆటల పీరియడ్ తరువాత సబ్బే కావాలి.

అపోహ: వాసన రాకపోతే అన్నం బాగున్నట్టే, అనుమానమైతే మళ్లీ వేడి చేస్తే సరిపోతుంది.

వాస్తవం: జబ్బు చేసే సూక్ష్మజీవులు రుచినీ వాసననీ మార్చకుండానే పెరగగలవు. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి బయటే ఉంటే అవి మొలకెత్తి విడుదల చేసే ఒక రకం విషం మళ్లీ వేడి చేసినా పోదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రత ఈ జీవులకు అనుకూలం, తిరుపతి ఎండ ఎలాగూ అందులోనిదే. కాబట్టి పొద్దున కట్టిన క్యారియర్‌ను మధ్యాహ్నమే తినాలనీ, మిగిలినది సాయంత్రానికి దాచుకోకూడదనీ పిల్లలకు ఒకే నియమంగా చెప్పాలి. ‘మా పెద్దలు చద్దన్నం తిని బతకలేదా?’ అని తల్లిదండ్రులు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. నీళ్లలో నానబెట్టి పులియనిచ్చిన అన్నంలో లాక్టిక్ ఆమ్లం పుట్టి చెడు జీవుల పెరుగుదలను కొంత అడ్డుకుంటుంది. రాత్రి గిన్నెలో ఊరికే మిగిలిపోయిన అన్నానికి ఆ రక్షణ లేదు.

అపోహ: బూజు పట్టిన చెనక్కాయలను వేయిస్తే దోషం పోతుంది.

వాస్తవం: చెనక్కాయ పండే మన మెట్ట ప్రాంతాల్లో ఈ పాఠం తప్పనిసరి. ఆస్పర్జిల్లస్ అనే బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయానికి హాని చేస్తుంది, మామూలుగా వేయిస్తే పూర్తిగా నశించదు. గుప్పెడు గింజలు తెచ్చి, ముడుచుకుపోయినవీ, రంగు మారినవీ, పచ్చటి బూజు పట్టినవీ పిల్లల చేత వేరు చేయించి, తరువాత చేతులు కడిగించాలి. పప్పుండ కొరికినప్పుడు చేదు తగిలితే మొహమాటపడకుండా ఉమ్మేయమని చెప్పాలి.

అపోహ: బండి మీద ఏదీ తినవద్దని గట్టిగా భయపెడితేనే పిల్లలు వింటారు.

వాస్తవం: నా అభిప్రాయంలో ఇది పాఠం కాదు, అవమానం, ఆ తరగతిలోనే ఒకరి అమ్మ బజ్జీల బండి నడుపుతూ ఉండవచ్చు. భయం కన్నా గమనించే అలవాటు మేలు. అప్పుడే నూనెలోంచి తీసిన బజ్జీకీ, ఉప్పూకారం చల్లి ఈగల మధ్య మూత లేకుండా పెట్టిన మామిడి ముక్కలకూ తేడా ఏడేళ్ల పిల్ల చెప్పగలదు. బజ్జీలు వార్తాపత్రికలో కట్టి ఇస్తే, అచ్చు సిరా ఆహారానికి అంటుతుంది గనుకనే 2018 నాటి ఆహార ప్యాకేజింగ్ నిబంధనలు దాన్ని నిషేధించాయని చెప్పి, ఆకులో పెట్టివ్వమని మర్యాదగా అడగడం కూడా నేర్పవచ్చు.