ఘాటు లేని వాసన

పోయిన నెల మా అక్క కూతురి పుట్టినరోజుకు స్నేహితురాళ్లు సెంటు సీసా ఇచ్చారు. పొద్దున తెల్ల చున్నీ మీద చల్లుకుని కాలేజీకి వెళ్లింది. సాయంత్రం వస్తూనే చున్నీ అంచు నా ముక్కు దగ్గర పెట్టి, "మామయ్యా, పొద్దున నిమ్మకాయ కోసినట్టు ఉంది. ఇప్పుడు చూడు, ఐస్‌క్రీమ్ దుకాణంలో నిలబడ్డట్టు ఉంది. సీసా ఒక్కటే కదా!" అంది. అంతటితో ఆగలేదు. "క్లాసులో అందరూ బాగుందన్నారు. మల్లెపూలకే తలనొప్పి వస్తుందనేవాళ్లు ఉంటారు కదా, వెనీలాకు ఎందుకు రాదు?"

మొదటి ప్రశ్నకు జవాబు త్వరగా చెప్పేయవచ్చు. నిమ్మ తొక్కలోని లిమొనీన్ అణుభారం 136. వెనీలా వాసనకు ముఖ్య కారణమైన వెనిలిన్ అణుభారం 152. బరువులో పెద్ద తేడా లేదు. కానీ లిమొనీన్ 176 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగితే, వెనిలిన్ 285 దాకా మరగదు. వెనిలిన్ అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి, బట్ట నూలునూ పట్టుకుని కూర్చుంటాయి. లిమొనీన్‌కు ఆ పట్టు లేదు. అందుకే నిమ్మ గంటలో ఎగిరిపోతుంది, వెనీలా రాత్రి దాకా ఉంటుంది.

రెండో ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను వంటింట్లోకి వెళ్లాను. వెనీలా పుట్టింది మెక్సికోలో, పెరిగేది ఎక్కువగా మడగాస్కర్‌లో. అయినా దాని చుట్టాలందరూ మన ఇంట్లోనే ఉన్నారు.

వెనిలిన్‌ను కాగితం మీద గీయండి. ఆరు కార్బన్ల బెంజీన్ వలయం. ఒక మూల హైడ్రాక్సిల్ సమూహం (ఆక్సిజన్, దానికో హైడ్రోజన్), దాని పక్క మూల మెథాక్సీ సమూహం (ఆక్సిజన్, దానికో కార్బన్, మూడు హైడ్రోజన్లు). ఈ రెండింటితో కలిపి వలయాన్ని తల అనుకుందాం. హైడ్రాక్సిల్‌కు సరిగ్గా ఎదురు మూల వేలాడేది తోక. వెనిలిన్‌కు తోక చాలా పొట్టి, ఒక్క కార్బన్ ఉన్న ఆల్డిహైడ్ సమూహం, అంతే. ఆ తలను అలాగే ఉంచి మూడు కార్బన్ల తోక తగిలిస్తే యూజినాల్, అంటే లవంగం వాసన. తోకను పొడుగ్గా సాగదీస్తే జింజరాల్, అల్లం కారం. రెండు తలలను ఏడు కార్బన్ల వంతెనతో కలిపితే కర్క్యుమిన్, పసుపు రంగు. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేటప్పుడు రంగు ఎర్రబడటం చూస్తాం కదా, సున్నం వంటి క్షారంలోనే కర్క్యుమిన్ మెల్లగా విరుగుతుంది. ఆ ముక్కల్లో వెనిలిన్ కూడా ఉంటుంది. బియ్యం తవుడులోని ఫెరూలిక్ ఆమ్లానిదీ ఇదే తల. దాన్ని సూక్ష్మజీవులకు మేపి వెనిలిన్ తయారుచేసే పరిశ్రమలు ఉన్నాయి. చెక్కకు గట్టితనం ఇచ్చే లిగ్నిన్ నిండా ఈ తలలే. పాత పుస్తకం తెరిస్తే వచ్చే తియ్యటి వాసనలో కొంత, కాగితంలోని లిగ్నిన్ విరిగి వచ్చిన వెనిలిన్‌దే.

ఇక మిరపకాయ. గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లటి పొరలో మిరప మొక్క ముందు వెనిలిన్‌నే తయారుచేస్తుంది. తర్వాత ఒక ఎంజైము దానికి నైట్రోజన్‌ను అందించి వెనిలిల్ అమీన్‌గా మారుస్తుంది. దానికి పొడుగాటి కొవ్వు ఆమ్లపు తోక తగిలితే కాప్సైసిన్ అవుతుంది, అదే కారం. ఆ ఎంజైము చెడిపోయిన మిరప రకాలలో కారం పుట్టదు. గుంటూరు మిర్చి మంట, కేకు వాసన ఒకే దారిలో ముందూ వెనకా ఉన్న రెండు మజిలీలని మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను.

ఇంటర్మీడియట్‌లో మనందరం రీమర్-టీమన్ చర్యను బట్టీ పట్టాం. ఫినాల్, క్లోరోఫామ్, క్షారం, చివరికి సాలిసిలాల్డిహైడ్. 1874లో టీమన్, హార్మన్ దేవదారు జాతి చెట్ల రసంలోని కోనిఫెరిన్ అనే పదార్థం నుంచి వెనిలిన్ తీశారు. 1876లో రీమర్ తన పేరుతో ఉన్న ఆ బట్టీ చర్యను ఫినాల్ బదులు గ్వయకాల్ మీద జరిపి వెనిలిన్ తీశాడు. గ్వయకాల్ అంటే మన తల, తోక లేకుండా. ఈ సమీకరణం చెప్పే రోజు తరగతిలో చిటికెడు వెనిలిన్ పొడి పిల్లల చేతికిచ్చి వాసన చూడమంటే ఎంత బాగుంటుంది! నాకు ఎవరూ ఇవ్వలేదు. ఆ లోటు ఇప్పటికీ ఉంది.

తల మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో కూడా చూడాలి. వెనీలా పచ్చి కాయకు ఆ పరిమళం ఉండదు. అందులో వెనిలిన్ హైడ్రాక్సిల్‌కు గ్లూకోజ్ అతుక్కుని ఉంటుంది. కాయలను వేడినీళ్లలో ముంచి, ఉన్ని దుప్పట్లలో చుట్టి చెమట పట్టించి, వారాల తరబడి ఆరబెడితే, కాయలోని ఎంజైము ఆ గ్లూకోజ్‌ను ఊడదీస్తుంది. అప్పుడు పరిమళం బయటికి వస్తుంది. హైడ్రాక్సిల్, మెథాక్సీలను అటూ ఇటూ మార్చి రాస్తే ఐసోవెనిలిన్ అవుతుంది, దానికి వాసన దాదాపు ఉండదు. మెథాక్సీకి ఒక్క కార్బన్ చేరిస్తే ఇథైల్ వెనిలిన్, దాని వాసన మూడు రెట్లు గట్టిది.

మన ముక్కులో రెండు వ్యవస్థలు పనిచేస్తాయి. ఒకటి ఘ్రాణ నాడి, వాసన పట్టేది. రెండోది త్రిధార నాడి. ముఖమంతా పరుచుకుని మంట, చల్లదనం, గుచ్చుకోవడం తెలిపేది. తెలుగులో ఈ తేడా ఎప్పటినుంచో ఉంది. గులాబీకి వాసన అంటాం, ఎండుమిర్చి పోపుకు ఘాటు అంటాం. ఘాటును పట్టే గ్రాహకాల్లో, అంటే నాడి మీది తాళాల్లాంటి ప్రోటీన్లలో, ముఖ్యమైనది టీఆర్‌పీవీ1. 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం కాప్సైసిన్ సాయంతో దాన్ని కనుక్కుంది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ పేరులోని 'వీ' వెనిలాయిడ్‌కు గుర్తు, అంటే వెనిలిన్ తల ఉన్నది అని. కానీ ఆ తాళం సరిగ్గా తెరుచుకోవాలంటే తలతో పాటు పొడుగు తోక కూడా కావాలి. పొట్టి తోక వెనిలిన్ త్రిధార నాడిని కదిలించలేదు.

ఇంట్లో పరీక్ష చేశాం. బేకరీ సామాను దుకాణంలో దొరికే తెల్లటి వెనిలిన్ పొడిని నీళ్లలో కలిపి ఒక మెత్తటి ప్లాస్టిక్ సీసాలో, ఉత్త నీళ్లు ఇంకో సీసాలో పోశాను. మా మేనకోడలి కళ్లకు గంతలు కట్టి, రెండు సీసాల మూతుల నుంచి రెండు ముక్కు రంధ్రాలలోకి ఒకేసారి గాలి నొక్కాను. వెనీలా ఉందని ప్రతిసారీ చెప్పింది. ఏ వైపు నుంచో మాత్రం పదిసార్లలో నాలుగుసార్లే సరిగ్గా చెప్పగలిగింది, అంటే గుడ్డి ఊహ. వెనీలా బదులు కర్పూరం పెట్టాను. పదికి పదీ సరిపోయాయి. వాసనకు పక్క తెలియదు, ఘాటుకు తెలుస్తుంది. జలుబుకో జ్వరానికో వాసన పోయినవారికి కర్పూరం కాస్త తెలిసినా వెనీలా అసలు తెలియకపోవడానికి కారణం ఇదే.

వెనీలా ఇంతమందికి నచ్చడంలో ఈ గుచ్చుకోని గుణానికి పెద్ద వాటా ఉందని నా నమ్మకం. 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో వేటాడి బతికేవారు, రైతులు, నగరవాసులు కలిసి తొమ్మిది సమాజాల నుంచి రెండు వందల మందికి పైగా పది వాసనలకు వరస పెట్టారు. అందరికంటే పైన నిలిచింది వెనిలిన్. ఎవరికి ఏది నచ్చిందన్న తేడాల్లో సంస్కృతి వాటా 6 శాతమే. సొంత రుచి వాటా 54 శాతం, అణువు స్వభావం వాటా 41 శాతం. స్ట్రాస్‌బర్గ్‌లో నెలలు నిండకుండా పుట్టిన 14 మంది పసికందుల పొత్తిళ్ల దగ్గర వెనిలిన్ వాసన ఉంచితే, మధ్యమధ్య ఊపిరి ఆగడం 36 శాతం తగ్గిందని 2005లో వైద్యులు రాశారు. చిన్న అధ్యయనమే, అయినా ఆ ముక్కులు ఇంకా ఐస్‌క్రీమ్ ఎరగనివి. మనుషులను వశం చేసుకునే సెంట్లంటూ అమ్మేవాటికి మాత్రం ఇలాంటి ఆధారమేదీ లేదు. మనిషిలో ఫెరోమోన్, అంటే సాటి జీవి ప్రవర్తనను మార్చే రసాయనం, ఇదీ అని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. డబ్బు పోగొట్టుకోకండి.

గుచ్చుకోనిది కాసేపటికి వెగటు కూడా పుట్టిస్తుంది. సెంటు కూర్చేవారికి ఇది బాగా తెలుసు. 1925 పారిస్ ప్రదర్శనలో గెర్లాన్ సంస్థ చూపిన షాలిమార్‌లో ఇథైల్ వెనిలిన్ దట్టంగా ఉంది. ఆ తీపిని కోయడానికి నిమ్మ జాతికి చెందిన బెర్గమోట్ నూనెను అంతే ధారాళంగా పోశారు. మా మేనకోడలి సీసాది కూడా ఆ వంశమే. పొద్దున నిమ్మ, సాయంత్రం వెనీలా.

నాలుగో రోజు ఆ చున్నీ మళ్లీ తెచ్చి చూపించింది. నిమ్మ జాడే లేదు, తీపి ఇంకా ఉంది. సెంటు పడిన చోట వేలిముద్రంత లేత గోధుమరంగు మరక. వెనిలిన్ గాలికీ వెలుతురుకూ అలా రంగు తిరుగుతుంది, వెనీలా సబ్బులు అలమారలో ఉండగానే గోధుమరంగుకు మారేది కూడా అందుకే. "ఈసారి నల్ల చున్నీ మీద చల్లుకుంటాలే మామయ్యా" అంది.