సిలబస్‌కు ఆమోదం వచ్చింది కదా, ఇంకేం పని? (అపోహలు – వాస్తవాలు)

"మమ్మల్నెవరూ అడగలేదు సార్." కొత్త సిలబస్ మొదలైన రెండో నెలలో ఈ మాట నాకు తప్పకుండా వినిపిస్తుంది. అనేది విద్యార్థే కానక్కర్లేదు. పాఠం చెప్పాల్సిన లెక్చరరూ అంటాడు, పరీక్షల విభాగం గుమస్తా కూడా అంటాడు.

అపోహ: బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో (కాలేజీలో సిలబస్ రూపొందించే కమిటీ) ఒక కంపెనీ ప్రతినిధినీ, ఒక పూర్వ విద్యార్థినీ కూర్చోబెడితే అందరినీ కలుపుకున్నట్టే.

వాస్తవం: అక్కడ తయారయ్యేది కాగితం. దాన్ని నడిపేవాళ్లు ఆ గదిలో ఉండరు. ఓసారి ఒక కోర్సును ప్రాజెక్టు పద్ధతిలోకి మార్చాం, కోఆర్డినేటర్ని నేనే. సమావేశం బ్రహ్మాండంగా జరిగింది. మూడు గంటలు ఏకబిగిన చేయాల్సిన పని టైంటేబుల్లో గంట గంట ముక్కలుగా పడింది, ఎందుకంటే అది వేసే ఆయనకు నేను చెప్పలేదు. పిల్లలు లాగిన్ అయి నిన్నటి ఫైలు వెతుక్కునేసరికి బెల్లు. ప్రశ్నపత్రమేమో పాత మూసలోనే, యూనిట్‌కు రెండు ప్రశ్నల లెక్కన వచ్చింది. బట్టీ పట్టినవాళ్లకే మార్కులు ఎక్కువ పడ్డాయి. చివర్లో ల్యాబ్ టెక్నీషియన్ తన లాగ్‌బుక్ తెచ్చి నా ముందు తెరిచాడు: "ఆ సాఫ్ట్‌వేర్‌కి ఇరవై లైసెన్సులే సార్, సెక్షన్లో అరవై మంది. అడిగుంటే ముందే చెప్పేవాణ్ణి."

1970లలో అమెరికా స్కూళ్లలో సంస్కరణలను పరిశీలించిన ర్యాండ్ అనే పరిశోధనా సంస్థ అధ్యయనం కూడా ఇదే తేల్చింది. పథకం ఎంత గొప్పదైనా, ఫలితం అమలు తీరు మీదే ఆధారపడింది. సరిగ్గా నడిచినచోట టీచర్లూ కొంత మారారు, పథకమూ అక్కడి పరిస్థితికి తగ్గట్టు కొంత మారింది. మా కోర్సులో మారింది ముఖపత్రం ఒక్కటే.

అపోహ: ఫీడ్‌బ్యాక్ ఫారాలు నింపించాం, చాలదా?

చాలదు. యూరప్ ఉన్నత విద్యకు 2015లో ఆమోదించిన నాణ్యతా ప్రమాణాలు, కోర్సుల సమీక్షలో విద్యార్థులనూ ఇతర భాగస్వాములనూ కలుపుకోమనడంతో ఆగలేదు. తీసుకున్న చర్యలను సంబంధితులందరికీ తెలియజేయాలనీ చెప్పాయి. మన ఫారాలు బీరువా ఎక్కాక ఎవరికి ఏం తెలిసింది?

అపోహ: కంపెనీలు అడిగిందల్లా పెట్టేస్తే ఉద్యోగాలు వస్తాయి. ఈ ఏడాది అడిగిన టూల్‌ను పిల్లలు పాసయ్యేనాటికి వాళ్లే వదిలేయవచ్చు. వాళ్ల మాట వినాలి, పెన్ను మాత్రం ఇవ్వకూడదు.

అపోహ: సిలబస్ మారితే పాత బ్యాచ్ గతి అంతే. ఈ భయంతో ఫోన్ చేసే తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు, సగం చదివిన నోటీసును ఫార్వర్డ్ చేసేవాళ్ల మీదే ఉంది. సాధారణంగా కొత్త నిబంధనలు కొత్తగా చేరినవాళ్లకే వర్తిస్తాయి. బ్యాక్‌లాగ్ ఉంటే సమాన సబ్జెక్టుల జాబితా (పాత సబ్జెక్టుకు బదులు కొత్తదాంట్లో ఏది రాయాలో చెప్పేది) అడగండి, అదీ రాతపూర్వకంగా.

ఇప్పుడు కొత్త కోర్సేదైనా మొదటి క్లాసుకు నెల ముందే టైంటేబుల్ ఆయన్నీ, పరీక్షల విభాగాన్నీ, చెప్పబోయే లెక్చరర్లనూ, ఇద్దరు విద్యార్థులనూ ఒక బల్ల చుట్టూ కూర్చోబెడుతున్నా. ముందు మాట్లాడేది ల్యాబ్ టెక్నీషియన్. లాగ్‌బుక్ వెంట తెచ్చుకుంటాడు.