పెనాల్టీ బంతిని రెండోసారి ముట్టుకుంటే ఏమవుతుంది?

2025 మార్చిలో ఛాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్‌లో అట్లెటికో మాడ్రిడ్, రియల్ మాడ్రిడ్ మ్యాచ్ మనకు రాత్రి ఒకటిన్నరకు మొదలైంది, ఎక్స్‌ట్రా టైమ్ కూడా అయిపోయి షూటౌట్ (పెనాల్టీలతో గెలుపు తేల్చడం) వచ్చేసరికి తెల్లవారుజామున నాలుగు దాటింది. అట్లెటికో ఆటగాడు హూలియన్ అల్వారెజ్ తన్నబోతూ జారాడు, అయినా బంతి గోల్‌లో పడింది. కానీ కుడికాలితో తన్నేలోపే ఎడమకాలు బంతికి తగిలిందని వీడియో రిఫరీలు తేల్చి, ఆ గోల్ రద్దు చేశారు. షూటౌట్‌లో రియల్ 4-2తో గెలిచింది.

నిలబెట్టిన బంతిని ఒకడు తన్నాలి, ఇంకొకడు ఆపాలి, ఇంతే కదా పని! దీనికి 130 ఏళ్లుగా మరమ్మతులు జరుగుతూనే ఉన్నాయి.

గోల్ దగ్గర ఫౌల్ చేస్తే ఎదుటి జట్టుకి పెనాల్టీ ఇవ్వాలనే ఆలోచన ఐర్లాండ్‌లోని మిల్‌ఫర్డ్ అనే ఊరివాడైన విలియం మెక్‌క్రమ్‌ది. లినెన్ మిల్లు యజమాని కొడుకు, పైగా గోల్‌కీపర్. కీపర్ల ప్రాణం తీసే రూల్‌ని ఒక కీపరే కనిపెట్టాడన్నమాట. 1890లో ఈ ప్రతిపాదన పెడితే ఇంగ్లండ్ పెద్దమనుషులు మండిపడ్డారు. జెంటిల్మన్ అనేవాడు కావాలని ఫౌల్ చేస్తాడా, అలా అనుకోవడమే అవమానం అని వాళ్ల వాదన. తీరా 1891 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ ఎఫ్‌ఏ కప్‌లో స్టోక్ జట్టుతో మ్యాచ్‌లో నాట్స్ కౌంటీ డిఫెండర్ గోల్‌లైన్ దగ్గర బంతిని చేత్తో ఆపేశాడు. స్టోక్‌కి దక్కింది మామూలు ఫ్రీకిక్ మాత్రమే, దాన్ని కీపర్ అడ్డుకున్నాడు, స్టోక్ 1-0తో ఓడిపోయింది. పెద్దమనుషుల వాదన ఆ తర్వాత ఎక్కువ రోజులు నిలవలేదు. అదే ఏడాది జూన్ 2న గ్లాస్గోలో రూల్ పాసైంది.

అప్పట్లో స్పాట్, అంటే బంతి పెట్టే చుక్క, లేదు. గోల్‌కి 12 గజాల దూరంలో ఒక గీత, దాని మీద ఎక్కడ పెట్టి తన్నినా సరే. కీపర్ ఆరు గజాలు ముందుకొచ్చి మీద పడొచ్చు కూడా! స్పాట్ 1902లో వచ్చింది. ఇక మిగతా కథంతా కీపర్ కాళ్ల గురించే: 1905లో గోల్‌లైన్ దాటొద్దన్నారు, 1929లో తన్నేదాకా కాళ్లు కదపొద్దన్నారు, 1997లో పక్కలకి కదలొచ్చన్నారు, 2019లో ఒక్క పాదం లైన్ మీద ఉంటే చాలన్నారు.

తన్నేవాడికి ఉన్న పెద్ద షరతు ఒకటే, ఇంకొకరు ముట్టుకునేదాకా బంతిని మళ్లీ తాకకూడదు. పోస్టుకి తగిలి నేరుగా కాళ్ల దగ్గరికొచ్చినా అంతే. ఈ షరతు లేకపోతే బంతిని మెల్లగా తోసుకుంటూ కీపర్ మీదికే పోవచ్చు కదా, కాబట్టి షరతు సబబే. కానీ కాలు జారడం మోసం ఎలా అవుతుంది?

అల్వారెజ్ గొడవ తర్వాత రూల్స్ రాసే బోర్డు 2025 జూన్‌లో దీన్ని సవరించింది. పొరపాటున రెండు కాళ్లూ తగిలి గోల్ పడితే మళ్లీ తన్నించాలి, గోల్ పడకపోతే షూటౌట్‌లో అది మిస్సయినట్టే. ఆ మ్యాచ్ నాలుగు నెలలు ఆలస్యంగా జరిగి ఉంటే అల్వారెజ్‌ని ఇంకోసారి తన్నమనేవాళ్లు.